డాక్టరుగారి 'పుట్టిల్లు'

సత్యభామ అనగానే జమున గుర్తొస్తారు. హాస్యం అనగానే అల్లు రామలింగయ్య కళ్లముందు మెదులుతారు. ఈ ఇద్దరూ వెండితెర మీద తొలిసారి కనిపించింది ఒకే సినిమాలో. అది 1953లో వచ్చిన 'పుట్టిల్లు'. దాన్ని తీసింది పేరుమోసిన సినిమా దర్శకుడు కాదు... ఓ డాక్టరు!

ఆయనే గరికపాటి రాజారావు. 1915లో రాజమండ్రిలో పుట్టారు. చదివింది వైద్యమే అయినా మనసంతా నాటకం మీదే. 1943లో బొంబాయిలో 'ఇప్టా' పుట్టింది. అదే స్ఫూర్తితో ఆంధ్రదేశంలో ప్రజానాట్యమండలి ఏర్పడింది. దాన్ని ముందుండి నడిపినవారిలో రాజారావు ఒకరు. నాటకమంటే పద్యాలు, రాగాలు, కిరీటాలే అనుకునే రోజులవి. అలాంటప్పుడు మట్టికాళ్ల రైతును తెచ్చి రంగస్థలం మీద నిలబెట్టిందీ మండలి. బుర్రకథ నాజర్, మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి లాంటి ఉద్దండులంతా ఆ గూటివారే.

నైజాం రైతు కథ

ఆ మండలికి కీర్తికిరీటం 'మాభూమి'. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాశారు. జనగామ ప్రాంతంలో భూమికోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి, 1940లో ప్రాణాలు పోగొట్టుకున్న బందగీ గాథే దానికి ఆధారం. నైజాంలోని రైతు కష్టాన్ని చూసి సర్కారు జిల్లాల జనం కంటతడి పెట్టారు. అంత ఆదరణ చూసి ఉలిక్కిపడిన మద్రాసు ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. (1979లో గౌతమ్ ఘోష్ తీసిన 'మాభూమి' సినిమా వేరు. దానికి మూలం కిషన్ చందర్ నవల.)

దుగ్గిరాల అమ్మాయి జమున 'మాభూమి'లో వేషం వేస్తుండగా రాజారావు చూశారు. నాటకాలమీద ఆంక్షలు పెరిగాక సినిమావైపు అడుగేసినప్పుడు, ఆ అమ్మాయినే నాయికను చేశారు. తానూ ముఖ్యపాత్ర వేశారు. పాలకొల్లు నుంచి వచ్చిన రామలింగయ్యకూ అందులోనే అవకాశమిచ్చారు.

సినిమా ఆడలేదు. డబ్బు పోయింది. ఆయన పరిచయం చేసిన వాళ్లు మాత్రం తారాపథానికి చేరారు. రాజారావు 1963లో, యాభై ఏళ్లయినా నిండకుండానే కన్నుమూశారు. రామలింగయ్య 2004లో, జమున 2023లో వెళ్లిపోయారు.

ఆ నాటకం చెప్పిన పోరాటం 1948 తర్వాత పాల్వంచ అడవుల దాకా పాకింది. ఆ అడవి అంచునే ఉన్న ములకలపల్లి ప్రాంతానికి ఇప్పటికీ పోడు భూముల గొడవ కొత్త కాదు. భూమి నాదనే మాటకు ఎంత బలముందో అక్కడివారికి వేరే చెప్పక్కర్లేదు. ఆ మాటనే రంగస్థలం మీద గొంతెత్తి చెప్పించారు డాక్టరుగారు. ఆయన తీసిన 'పుట్టిల్లు' నష్టాల పాలైతేనేం... ఎందరో నటులకు ఆయనే పుట్టిల్లు!