శస్త్రప్రసవములు – పారితోషికములు

2019–21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, అంతకు ముందటి అయిదేండ్లలో తెలంగాణమున జరిగిన కాన్పులలో నూటికి 60.7 కడుపు కోసి చేసినవే. ఆంధ్రప్రదేశమున 42.4. భారతదేశమంతటికిని సగటు 21.5 మాత్రమే. తెలంగాణపు స్త్రీల దేహనిర్మాణము తక్కిన భారతస్త్రీలకంటె భిన్నమని యే వైద్యుడును చెప్పజాలడు. మరి యీ వ్యత్యాసమునకు హేతువేమి?

ఆ లెక్కలలోనే సమాధానము కొంత కలదు. తెలంగాణపు ప్రభుత్వ వైద్యాలయములలో శస్త్రప్రసవములు నూటికి 44.5, ప్రైవేటు ఆసుపత్రులలో 81.5. సహజప్రసవమునకై వైద్యురాలు పది పండ్రెండు గంటలు కనిపెట్టుకొని యుండవలయును. శస్త్రమునకు గంట చాలును, రుసుమో హెచ్చు. నొప్పులయందలి భయమును, ముహూర్తమునకు బిడ్డను కనవలెనను వేడుకయు దీనికి తోడైనవి. సిద్ధాంతిగారికి దక్షిణ ముట్టును. కోత మాత్రము తల్లిది. తొలికాన్పు కోతయైనచో మలికాన్పును తరచుగా కోతయే యగుచున్నది.

మేము శస్త్రచికిత్సకు విరోధులము కాము. మాయ అడ్డుపడినప్పుడును, బిడ్డ అడ్డము తిరిగినప్పుడును అదియే ప్రాణదాత. 2018–20లో తెలంగాణమున మాతృమరణములు లక్ష సజీవజననములకు 43 కాగా, దేశమున 97. ఇది శస్త్రమహిమయే యని కొందరందురు. కాని అదే కాలమున కేరళములో ఆ సంఖ్య 19. అచ్చటి శస్త్రప్రసవములో, నూటికి 38.9! నూటికి పదింటికి మించిన కోతలవలన ఒక జనసముదాయమున మాతాశిశుమరణములు తగ్గుచున్నట్లు కానరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే ప్రకటించియున్నది.

2017లో తెలంగాణ ప్రభుత్వము ప్రభుత్వ వైద్యాలయములలో ప్రసవించు తల్లులకు మగబిడ్డయైన 12,000 రూపాయలు, ఆడబిడ్డయైన 13,000 ఈయ నారంభించెను. తల్లులు ఆ వైద్యాలయములకు వచ్చిరి. కాన్పు ఏ తీరున జరిగినను ధన మొక్కటే. 2022లో సహజప్రసవములకై వైద్యసిబ్బందికి వేరుగా పారితోషికమును ప్రకటించిరి. ఉద్దేశము మెచ్చదగినదే. కాని నూటికి ఎనుబది కోతలు జరుగుచున్న ప్రైవేటు ఆసుపత్రుల గడప నది దాటదు. అదియుగాక, తలకింతయని సొమ్ము చెల్లించినచో, అవసరమైన శస్త్రమును గూడ జాగుచేయుటకు ప్రలోభము కలుగవచ్చును. ఒక ప్రలోభమును తొలగింపబోయి మరియొకదానిని నాటుట యుచితము కాదు.

కావున ముందు కావలసినది సరియైన లెక్క. మైకేల్ రాబ్సన్ అను ప్రసూతివైద్యుడు 2001లో గర్భిణులను పది వర్గములుగా విభజించెను: తొలిచూలా, మలిచూలా, పూర్వము కోత కలదా, నెలలు నిండినవా, బిడ్డ తల క్రిందికున్నదా, కవలలా, నొప్పులు తమంత వచ్చినవా. ఇందుకు ఖరీదైన యంత్రములేవియు నక్కరలేదు. ఒక పుట కాగితము చాలును. తొలిచూలు, నిండునెలలు, ఒక్కటే బిడ్డ, తల క్రిందికి, నొప్పులు తమంత వచ్చినవి – ఇట్టి తల్లులకు ఒకే పట్టణమందలి రెండాసుపత్రులలో ఒకచోట పదింట ఒకరికిని, వేరొకచోట పదింట ఆరుగురికిని కోత జరిగినచో, కష్టమైన కేసులన్నియు మాకే వచ్చుచున్నవను సాకు నిలువదు.

ఆ లెక్క చేతికి వచ్చినపిమ్మట సొమ్మును గూర్చి యోచింపవచ్చును. ప్రభుత్వమును, బీమా సంస్థలును రెండు తీరుల కాన్పులకును ఒకే రుసుము చెల్లించి, అందు కొంత భాగమును తల్లీబిడ్డల క్షేమమును విచారించిన తరువాతనే విడుదల చేయుట మేలని మా యభిప్రాయము. కరీంనగరమున 2017లో ప్రారంభమైన మంత్రసాని శిక్షణమును ప్రతి జిల్లాకును వ్యాపింపజేయవలయును. రాత్రియంతయు తల్లి ప్రక్కన కూర్చుండువారు లేనిదే పారితోషిక మెంత పెంచినను ఫలములేదు. పది వర్గముల లెక్కను ప్రభుత్వ, ప్రైవేటు భేదము లేక ప్రతి ప్రసూతిశాల వాకిట నెలనెలయు తెలుగున వ్రాసి వ్రేలాడదీయవలెనని శాసనసభలో నొక్క సభ్యుడైన కోరునేమో చూచెదము.