కార్పెట్ ఎత్తి చూశారా? పాత కారు కొనేవారి అపోహలు – వాస్తవాలు

కలకడ, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఎవరికైనా పాత కారు మీద మోజు పుడితే చూపు రెండు ఊళ్ల మీదికే పోతుంది: బెంగళూరు, చెన్నై. కుప్పంవాళ్లకైతే రెండు రాష్ట్రాల సరిహద్దులూ పక్కనే. అడిగే బండ్లు కూడా కొన్నే. సినిమాల్లో విలన్లు దిగే కాంటెస్సా, తాతల కాలపు పద్మిని, ఎప్పుడో ఒకసారి స్టాండర్డ్ హెరాల్డ్.

అసలు సిసలు రెండు సీట్ల స్పోర్ట్స్ కారు మన దగ్గర అరుదే కానీ, దానికి సొంత అన్న మద్రాసులో తయారైంది. ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డ్‌ను స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ 1961 నుంచి 1971 దాకా అక్కడ తయారుచేసింది. రూపం గీసింది ఇటలీవాడు జొవాన్ని మికెలొట్టి. ఇదే హెరాల్డ్ ఛాసిస్‌ను పొట్టిచేసి ట్రయంఫ్‌వాళ్లు 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చారు. అందుకే స్పిట్‌ఫైర్ కొనేవాడు లండన్‌లో ఎక్కడెక్కడ వంగి చూస్తాడో, హెరాల్డ్ కొనేవాడు ఇక్కడా అక్కడే వంగి చూడాలి.

అపోహ: ఇంజన్ బాగుంటే కారు బాగున్నట్టే

"ఇంజన్ సూపర్‌గా ఉండాదన్నా, ఒక్క సెల్ఫ్‌కే పట్టుకుంటాది." బేరం ఎప్పుడూ ఈ మాటతోనే మొదలవుతుంది. హెరాల్డ్‌లో అయితే బానెట్టు, ముందు రెక్కలు కలిసి ఒకే ముక్కగా ముందుకు లేస్తాయి. ఇంజన్ మొత్తం కళ్ల ముందుంటుంది, మన చూపు అక్కడే ఆగిపోతుంది. అమ్మేవాడికి కావలసిందీ అదే.

నిజానికి పాత కారులో అన్నిటికంటే తేలిగ్గా బాగుపడేది ఇంజనే. బోరు చేయించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు మారిస్తే మళ్లీ నడుస్తుంది. ఖర్చు ఎంతో మెకానిక్ ముందే చెప్పగలడు. టింకరింగ్ పని అలా కాదు. విప్పేకొద్దీ తుప్పు బయటపడుతుంది, పని ఎక్కడ ఆగుతుందో చేసేవాడికే తెలియదు.

అంబాసిడర్, పద్మిని, కాంటెస్సాలకు విడిగా ఛాసిస్ ఉండదు. నేల రేకు, తలుపుల కిందుగా పోయే పెట్టెలాంటి దూలాలు, ఇవే బండికి వెన్నెముక. కాబట్టి ముందు కార్పెట్ ఎత్తండి. స్టెప్నీ గుంట, బ్యాటరీ కింది పళ్లెం, తలుపుల అడుగు అంచులు, అద్దం రబ్బరు చుట్టూ వేలితో నొక్కి చూడండి. ఒక పక్క జాకీ పెట్టి కొద్దిగా లేపి, ఆ పక్క తలుపు తీసి వెయ్యండి. అంతకుముందు సాఫీగా పడిన తలుపు ఇప్పుడు పట్టేస్తుంటే దూలాలు మెత్తబడ్డాయనే అనుమానించాలి. జాకీ మీదున్న బండి కిందికి మాత్రం తల పెట్టవద్దు.

హెరాల్డ్ లెక్క వేరు. దాని బాడీ ముక్కలుగా వచ్చి ఛాసిస్ మీద బోల్టులతో కూర్చుంటుంది. తలుపు సందులు అటూ ఇటూగా ఉన్నంత మాత్రాన యాక్సిడెంట్ బండి అనుకోనక్కరలేదు. ఛాసిస్ నుంచి పక్కలకు చాచిన చేతులు మాత్రం తుప్పు పట్టకుండా ఉండాలి.

అపోహ: తుప్పు చెన్నై బండ్లకే, మన సీమ గాలి పొడిగాలి

సముద్రపు గాలి తుప్పును తొందర పెడుతుందన్నది నిజమే. సీమలో పెరిగిన బండికి ఆ బెడద కొంత తక్కువ. కానీ లోపలికి చేరిన నీళ్లు బయటికి పోయే దారి లేకపోతే ఏ ఊరైనా ఒకటే. తలుపుల అడుగున నీరు కారే రంధ్రాలు మట్టితో పూడిపోతే రేకు లోపలి నుంచి తినేసుకుంటుంది. పశువుల కొట్టంలో ఏళ్లు నిలబెట్టిన బండికి నేల చెమ్మ, పంచితం ఆవిరి చాలు.

కొత్త రంగు చూసి మురిసిపోవడం ఇంకో పొరపాటు. చిన్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి రేకు మీద జరుపుతూ పోండి. పట్టు తప్పిన చోట రంగు కింద పుట్టీ మందంగా ఉన్నట్టు. ఇక అడుగున నల్లటి పూత నిన్నగాక మొన్న కొట్టి ఉంటే, అది బండిని కాపాడటానికో కంతలు కప్పడానికో అడగండి. జవాబుకంటే అడిగినప్పుడు ముఖం ఎలా ఉందన్నదే నాకు పనికొచ్చింది.

అపోహ: స్టార్ట్ చేసి చూపించారు కదా, ఇంకేం?

మీరు వెళ్లేసరికే వేడెక్కి ఉన్న ఇంజన్ చాలా తప్పులు దాచుకుంటుంది. బానెట్టు మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే చల్లారేదాకా టీ తాగండి. చల్లటి ఇంజన్ మొదటి నిమిషంలో చేసే చప్పుడే అసలు చప్పుడు. ఆయిల్ మూత లోపల పాల మీగడలాంటి నురగ కనిపిస్తే నీరు ఆయిల్‌లో కలుస్తోందేమోనని హెడ్ గ్యాస్కెట్ చూపించుకోవాలి.

పరీక్షకు మన ప్రాంతంలో మంచి చోటు హార్స్లీ హిల్స్ ఘాట్ రోడ్డు. బ్రేకులు పనిచేస్తున్నాయని కింద తేల్చుకున్నాకే ఎక్కండి. ఎక్కేటప్పుడు ఉష్ణోగ్రత ముల్లు చెప్పేది రేడియేటర్ సంగతి. దిగేటప్పుడు గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదలండి. గేరు దానంతటదే జారి న్యూట్రల్‌కి వస్తే పెట్టె విప్పాల్సిందే. మలుపు తిరిగాక మళ్లీ తొక్కినప్పుడు నీలం పొగ గుప్పుమంటే వాల్వ్ గైడ్లు అరిగాయి. తొక్కినంతసేపూ నీలంగానే వస్తుంటే రింగులు. నల్ల పొగకు చాలాసార్లు కార్బురేటర్ సర్దుబాటు సరిపోతుంది.

అపోహ: షెడ్డు దాటని బండి బంగారం

మీటరు సంగతి చెప్పేదేముంది. పాత మీటర్లలో చాలావాటికి అయిదంకెలే, 99,999 దాటితే మళ్లీ సున్నా. మీటరు నిజమే చెప్పినా, కదలని బండి పాడవకుండా ఉండదు. బ్రేకు సిలిండర్లు బిగుసుకుంటాయి, గొట్టాలు పగుళ్లిస్తాయి, టైర్లు గట్టిపడతాయి. టైరు పక్కన నాలుగంకెలు చూడండి, 1218 అంటే 2018లో 12వ వారం తయారీ. గీతలు ఎంత లోతుగా ఉన్నా వయసు మీరిన టైరును నమ్మకూడదు. పెట్రోలు గొట్టాలు ముట్టుకుని, వాసన కూడా చూడండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, ఆ కాలపు రబ్బరు దీన్ని తట్టుకునేలా చేసింది కాదు.

అపోహ: నిపుల్ ఉన్నచోటల్లా గ్రీజు కొడితే మంచిదే

హెరాల్డ్‌కూ స్పిట్‌ఫైర్‌కూ ఇది ప్రమాదం. ముందు చక్రాన్ని మోసే నిలువు కడ్డీ కింది కొస మరల మీద తిరుగుతుంది, ఆ భాగం పేరు ట్రనియన్. దానికి పట్టాల్సింది గేర్ ఆయిల్. గ్రీజు మరల్లోకి సరిగా దిగదు, లోపల నీరు చేరి కడ్డీ తుప్పు పడుతుంది. ఒకరోజు విరుగుతుంది, చక్రం పక్కకు మడుచుకుంటుంది. "చివరిసారి ఇక్కడ ఏం కొట్టించారు?" అని అడిగితే యజమాని బండిని ఎంత ఎరుగునో తెలిసిపోతుంది.

అపోహ: 15 ఏళ్లు దాటితే తుక్కే

ఢిల్లీ ఆంక్షల వార్తలు విని మనవాళ్లు పెట్టుకున్న భయం ఇది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి ఎఫ్‌సీ ఇస్తే అయిదేళ్ల చొప్పున పొడిగిస్తారు. రుసుము మాత్రం బాగా పెరిగింది. 2022 ఏప్రిల్ నుంచి కారుకు 5,000 రూపాయలు, 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. అమ్మేవాడు "రెన్యువల్ మీరే చేయించుకోండి" అంటే ఇదంతా బేరంలో తగ్గించాల్సిన లెక్క.

"వింటేజ్ నంబరు తీసుకుందాం" అనేవాళ్లూ ఉన్నారు. 2021 నిబంధనల ప్రకారం అది మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం పెద్దగా మారని బండ్లకే. 20,000 రూపాయలు కట్టాలి, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో వీఏ అని ఉంటుంది. ఆ బండిని ప్రదర్శనకో ర్యాలీకో రిపేరుకో తీయవచ్చు గానీ రోజూ మదనపల్లె మార్కెట్‌కు తిప్పడానికి లేదు. హెరాల్డ్‌కు వయసు సరిపోతుంది. 1984లో మొదలైన కాంటెస్సాకు ఇంకా టైముంది.

అపోహ: స్టాంపు పేపర్ మీద రాసుకుంటే చాలు

చాలదు. ఆర్‌సీలో ఎవరి పేరుందో చట్టం దృష్టిలో వాళ్లే యజమాని. నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018లో ఇదే తేల్చింది: చేతులు ఎన్ని మారినా, ప్రమాదం జరిగితే పరిహారం భారం రిజిస్టరులో ఉన్న పేరు మీదే పడుతుంది. అమ్మేవాడికి ఇది చెబితే బదిలీకి అతనే తొందరపడతాడు. ఫారం 29, 30 మీద సంతకాలు కావాలి. కర్ణాటక, తమిళనాడు బండి అయితే అక్కడి ఆఫీసు నుంచి ఎన్‌వోసీ, ఇక్కడ పన్ను, కొత్త నంబరు. ఎప్పుడో తీరిపోయిన అప్పు ఆర్‌సీలో ఇంకా ఉంటే ఫారం 35.

అన్నిటికంటే చిక్కు, ఆర్‌సీ చనిపోయిన తాత పేరు మీద ఉండటం. ముందు వారసుడి పేరుకు మారాలి, అప్పుడే మీకు అమ్మగలడు. తోబుట్టువులంతా ఒప్పుకున్నారా అని అడగడానికి మొహమాటపడవద్దు. ఇంకొక సంగతి, పెట్రోలు పద్మినిలకు డీజిల్ ఇంజన్లు వేయించి నడిపిన రోజులున్నాయి. ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కిందా లేదా చూసుకోవాలి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసుకోండి, ఇంజన్ నంబరు కూడా రాసుకుని రెండూ ఆర్‌సీతో అంకె అంకె సరిచూడండి. అడ్వాన్సు ఆ తర్వాతే.