నాచుకు ఢిల్లీలో పెద్దపీట

ఢిల్లీకి సముద్రం లేదు. 1950ల్లో ఆ చుట్టుపక్కల పొలాల్లో గోధుమదే రాజ్యం, వరిది కాదు. అయినా 1959 డిసెంబరులో శైవలాల మీద పనిచేసే శాస్త్రవేత్తలు సదస్సు పెట్టుకున్నది అక్కడే. చెరువు మెట్ల మీద కాలు జారేలా చేసే పాచి, నీటితొట్టిలో పట్టే నాచు, సముద్రపు ఒడ్డున అలలకు కొట్టుకొచ్చే కలుపు, ఇవన్నీ ఆ శాస్త్రం కిందికే వస్తాయి. సదస్సు పత్రాలను భారత వ్యవసాయ పరిశోధనా మండలి (ఐసీఏఆర్) మరుసటి ఏడాది పి. కచ్రూ సంపాదకత్వంలో పుస్తకంగా తెచ్చింది.

వ్యవసాయం చూసుకునే సంస్థకు పాచితో ఏం పని? జవాబు వరిమడిలో ఉంది.

బెంగాల్‌లో కొన్ని పొలాలు ఏళ్ల తరబడి ఎరువు చూడకుండానే ఎంతోకొంత వరి పండిస్తూ వచ్చాయి. పంట తీసుకుపోయిన నత్రజని తిరిగి ఎక్కడినుంచి వస్తోందో అంతుపట్టలేదు. చాలామంది అనుమానం మట్టిలోని బాక్టీరియా మీద. పి.కె. డే అనే శాస్త్రవేత్త ఆ మట్టిని పరీక్షించి, అసలు దాత మడినీటిలో పెరిగే నీలి ఆకుపచ్చ నాచేనని 1939లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు.

ఆ నాచును సూక్ష్మదర్శిని కింద పెడితే పూసల దండలా కనిపిస్తుంది. పచ్చని కణాల వరుసలో అక్కడక్కడా ఒక కణం మాత్రం కాస్త పెద్దగా, పాలిపోయి, దళసరి గోడతో ఉంటుంది. దాని పేరు హెటెరోసిస్ట్. గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చే ఎంజైము ఉండేది అందులోనే. ఆ ఎంజైముకు ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. పక్క కణాలు కిరణజన్య సంయోగక్రియతో పగలంతా ఆక్సిజన్ వదులుతూనే ఉంటాయి. అందుకే ఈ కణానికి అంత మందం గోడ. పైగా అది తనంతట తాను ఆక్సిజన్ తయారుచేసే పని మానుకుని, చక్కెర పక్క కణాల నుంచి పుచ్చుకుని, బదులుగా నత్రజని వాటికి ఇస్తుంది. ఇదే పనికి ఎరువుల కర్మాగారానికి 400 డిగ్రీలు దాటిన వేడి, వంద వాతావరణాలకు మించిన పీడనం కావాలి.

సదస్సు జరిగిన ఏడాదే ఐసీఏఆర్ మరో రెండు లావుపాటి గ్రంథాలు అచ్చువేసింది. ఒకటి మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన టి.వి. దేశికాచారి రాసిన ‘సయనోఫైటా’. నీలి ఆకుపచ్చ నాచులకు బొమ్మలతో సహా వర్ణనలిచ్చిన 686 పేజీల పుస్తకం. రెండోది ‘జిగ్నిమేసీ’. ఇంటర్ బైపీసీ విద్యార్థులు రికార్డుల్లో ఆకుపచ్చ రిబ్బను చుట్టలుగా గీసే స్పైరోగైరా ఈ కుటుంబంలోదే. దాన్ని రాసిన ఎం.ఎస్. రంధావా ఏ కాలేజీ ఆచార్యుడూ కాదు, ఐసీఎస్ అధికారి. దేశ విభజన వేళ శరణార్థులతో కిక్కిరిసిన ఢిల్లీకి డిప్యూటీ కమిషనర్‌గా ఉన్నది ఆయనే. ఒక చేత్తో ఫైళ్లు, మరో చేత్తో సూక్ష్మదర్శిని. అలాంటి మనిషి ఐసీఏఆర్ పెద్దల్లో ఉండటం నాచుకు బాగా కలిసొచ్చిందనే అనాలి.

పేర్ల పట్టికలకు అంత ఖర్చా అని ఎవరికైనా అనిపించవచ్చు. కానీ ఏ నాచు ఏదో తేల్చకుండా దానితో ఏ పనీ సాగదు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన వి. వెంకటేశ్వర్లు మూసీ కాలుష్యాన్ని అందులోని శైవలాల ద్వారా చదివి 1969లో ‘హైడ్రోబయాలజియా’ పత్రికలో ప్రచురించారు. మురుగు కలిసినచోట యూగ్లినా, ఆసిలటోరియా వంటివి రాజ్యమేలుతాయి. వాటిని గుర్తుపట్టగలిగితేనే ఆ లెక్క అందుతుంది.

ఇక ఢిల్లీలో పూసా. ఈ పేరు బీహార్‌లోని ఊరిది. అక్కడి వ్యవసాయ పరిశోధనా సంస్థ 1934 భూకంపంలో దెబ్బతినడంతో 1936లో ఢిల్లీకి తరలివచ్చి, పేరును కూడా వెంట తెచ్చుకుంది. ఈ ఢిల్లీ పూసాలో జి.ఎస్. వెంకటరామన్ లాంటివాళ్లు నాచును ప్రయోగశాల సీసాల నుంచి రైతు పెరట్లోకి దింపే పద్ధతి తయారుచేశారు. రేకు తొట్టిలోనో, పాలిథిన్ పట్టా పరిచిన గుంటలోనో మట్టి పోసి, నీళ్లు నింపి, కాస్త సూపర్ ఫాస్ఫేటు కలిపి, పైన నాచు విత్తనం చల్లుతారు. దోమలు గుడ్లు పెట్టకుండా కొద్దిగా పురుగుమందు తప్పదు. కొన్నాళ్లకు నీటిమీద దళసరి మీగడ కడుతుంది. నీరు ఇంకి ఎండితే అది పెచ్చులుగా లేస్తుంది. ఆ పెచ్చులే ఎరువు. ఎండినా చావదు, తడి తగిలితే మళ్లీ మొలకెత్తుతుంది. నాట్లు వేసిన వారం పది రోజులకు హెక్టారుకు 10 కిలోలు, అంటే ఎకరాకు 4 కిలోలు, నిలిచిన నీటిలో చల్లితే చాలు. నాచు రకాలను కాపాడే కేంద్రం ఇప్పటికీ పూసాలో ఉంది.

మరి ఊరూరా ఎందుకు పాకలేదు? యూరియా బస్తా చవకగా దొరికింది, విప్పి చల్లితే వారానికి చేను నల్లబడుతుంది. నాచు అంత తొందరగా కనిపించే పని చేయదు. మడి ఎండితే ఆగిపోతుంది, పైరు కమ్మి నీటికి ఎండ తగలకపోతే మందగిస్తుంది, నత్తలు మేసేస్తాయి. అన్నిటికీ మించి, యూరియా దండిగా పడిన నీటిలో నాచుకు హెటెరోసిస్టులు కట్టుకోవాల్సిన అవసరమే ఉండదు. చేతికందే నత్రజని తింటూ గాలిదాని జోలికి పోదు. శాస్త్రవేత్తలు కూడా యూరియాను పూర్తిగా మానమనలేదు. అన్నీ కుదిరితే హెక్టారుకు 25 కిలోల నత్రజని నాచు నుంచి వస్తుందని వాళ్ల అంచనా. ఎకరం లెక్కన చూస్తే 22 కిలోల యూరియా, అంటే ఇప్పటి 45 కిలోల బస్తాలో సగం.