వయోజన విద్య: ధనమెచ్చటిది, పని యెవరిది?

పంచాయతీ సమావేశము ముగియగానే తీర్మానముల పుస్తకము సభ్యుల నడుమ ఒకరి చేతినుండి మరియొకరి చేతికి సాగిపోవును. కొందరు చదివి సంతకము చేయుదురు. కొందరు తొందరలో చదువకయే చేయుదురు. మరికొందరు చదువ నేరక, "చదివి వినిపింపుడు" అని అడుగుటకు మొగమాటపడి, గుమాస్తా చూపిన చోట తమ పేరు వ్రాసి ఊరకుందురు. ఏ పనికి ఎంత సొమ్ము మంజూరైనదో ఎరుగకయే చేసిన ఆ సంతకమునకు లెక్కల తనిఖీ నాడు సమాధానము చెప్పవలసినది మాత్రము ఆ సభ్యుడే, ఆ సభ్యురాలే.

2011 జనాభా లెక్కల ప్రకారము నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఏడేండ్లు, అంతకు పైబడిన వారిలో నూటికి 67 మంది మాత్రమే అక్షరాస్యులు. స్త్రీలలో నూటికి 59 మందియే. అనగా అయిదుగురు స్త్రీలలో ఇద్దరికి చదువు రాదు. పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకు ప్రత్యేకింపబడిన రాష్ట్రములు మనవి. కనుక వయోజన విద్య ఎవరికో చేయు ధర్మకార్యము కాదు. అది మన పరిపాలన చక్కగా నడచుటకు కావలసిన పనిముట్టు.

ఈ విద్యకు ప్రభుత్వము వెచ్చించు ధనము ఎచ్చటినుండి వచ్చును, ఏ దారిన గ్రామము చేరును, దేనికి ఖర్చగును, అది ఆగిపోయిన నాడు ఏమి మిగులును అను విషయములను పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము.

చట్టమున మన స్థానము

1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము పదునొకండవ షెడ్యూలును చేర్చినది. పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు అందు కలవు. వానిలో 19వది వయోజన విద్య, అనియత విద్య. 20వది గ్రంథాలయములు. ఏ అంశమును ఎంత మేరకు అప్పగింపవలెనో నిర్ణయించునది రాష్ట్ర శాసనసభ. అయినను ఈ రెండు అంశములు ప్రక్కప్రక్కన ఉండుట గమనింపదగినది. చదువ నేర్పుట ఒకటి, చదువుటకు ఏదైన అందుబాటులో ఉంచుట మరియొకటి. మొదటిది జరిగి రెండవది జరుగని చోట నేర్చిన అక్షరము కొలది కాలమునకే మరపున పడును. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు గ్రంథాలయోద్యమమునకును, వయోజన విద్యకును జీవితమంతయు శ్రమించిరన్న, ఈ సంబంధమే అందులకు కారణమని చెప్పవచ్చును.

ధనము నడచిన దారులు

1952లో ఆరంభమైన సమాజ వికాస పథకమునందే "సాంఘిక విద్య" అను పేర వయోజన విద్యకు చోటు లభించినది. అటుపిమ్మట దేశమంతటికి వర్తించునట్లు నాలుగు విధముల ప్రయత్నము జరిగినది.

మొదటిది 1978 అక్టోబరు 2న ఆరంభమైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమము. 15 మొదలు 35 ఏండ్ల వయస్సు గలవారు దీని పరిధిలోని వారు. ఒక్కొక్క కేంద్రమునకు సుమారు 30 మంది అభ్యాసకులు, ఒక బోధకుడు. బోధకునకు నెలకు స్వల్పమైన గౌరవ వేతనము. పలకలు, పుస్తకములు, లాంతరు, కిరసనాయిలు ఇవన్నియు పైనుండి రావలసినవే. లాంతరు వచ్చి నూనె రాని చోట బడి మూతపడెను.

రెండవది 1988లో స్థాపితమైన జాతీయ అక్షరాస్యతా మిషను. దీని క్రింద జిల్లాను ఒక ఘటకముగా తీసికొని, కలెక్టరు అధ్యక్షతన జిల్లా సాక్షరతా సమితి ఏర్పడును. నిధులు నేరుగా ఆ సమితికే చేరును. ఖర్చులో కేంద్రము రెండు వంతులు, రాష్ట్రము ఒక వంతు భరించును. గిరిజన ఉపప్రణాళిక ప్రాంతములలో ఇది నాలుగు వంతులు, ఒక వంతు. చదువు చెప్పువారు జీతము లేని స్వచ్ఛంద సేవకులు. కేరళములోని ఎర్నాకుళము జిల్లా 1990 ఫిబ్రవరి 4న దేశములో ప్రథమ సంపూర్ణ అక్షరాస్యతా జిల్లాగా ప్రకటింపబడినది. ఆ ఫలితమును చూచి తక్కిన జిల్లాలు ఆ మార్గమును అనుసరించినవి.

మూడవది 2009 సెప్టెంబరు 8న మొదలైన సాక్షర భారత్. దీనియందు ఆధారము జిల్లానుండి గ్రామ పంచాయతీకి దిగినది. 2001 లెక్కలలో స్త్రీల అక్షరాస్యత నూటికి 50కి మించని జిల్లాలను ముఖ్యముగా ఎన్నుకొనిరి. ప్రతి పంచాయతీలో ఒక లోక శిక్షా కేంద్రము, దానికి ఇద్దరు ప్రేరకులు. ప్రేరకునకు నెలకు 2,000 రూపాయల గౌరవ వేతనము. 8 నుండి 10 మంది అభ్యాసకులకు ఒక స్వచ్ఛంద బోధకుడు. ఆ బోధకునకు వేతనము లేదు. కేంద్రము నూటికి 75, రాష్ట్రము నూటికి 25 వంతున భరించినవి. 2009లో మంజూరైన అంచనా 6,502 కోట్ల 70 లక్షల రూపాయలు. లక్ష్యము 7 కోట్ల మంది. తలకు లెక్కించిన సుమారు 929 రూపాయలు.

నాల్గవది నవభారత సాక్షరతా కార్యక్రమము. "ఉల్లాస్" అనునది దీని వాడుక పేరు. ఇది 2022-23 నుండి 2026-27 వరకు అయిదు సంవత్సరములకు ఉద్దేశింపబడినది. దీని అంచనా 1,037 కోట్ల 90 లక్షలు. అందు కేంద్రము వంతు 700 కోట్లు, తక్కినది రాష్ట్రములది. మనవంటి రాష్ట్రములకు కేంద్ర, రాష్ట్ర వాటాలు నూటికి 60, 40. లక్ష్యము సంవత్సరమునకు కోటి వంతున 5 కోట్ల మంది. తలకు 208 రూపాయలకు లోపే. దీని యందు ఘటకము పాఠశాల. 15 ఏండ్లు నిండిన నిరక్షరాస్యుల పేర్లను ఇంటింటి విచారణలో సెల్ ఫోను ద్వారా నమోదు చేయుదురు. ఉపాధ్యాయులు, విద్యార్థులు, స్వయం సహాయక సంఘముల సభ్యులు స్వచ్ఛందముగా బోధింతురు. తుదకు చదువుటకు 50, వ్రాయుటకు 50, లెక్కలకు 50 వంతున 150 మార్కుల పరీక్ష జరుగును. ఉత్తీర్ణులకు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ధ్రువపత్రమిచ్చును.

ఒక్కొక్క రూపాయి దేనికి?

ఈ నాలుగింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచిన ఒక సంగతి స్పష్టమగును. ప్రభుత్వపు సొమ్ము వాచకముల ముద్రణకు, శిక్షణకు, పర్యవేక్షణకు, ప్రచారమునకు, పరీక్షకు చెల్లుచున్నది. చదువు చెప్పు చేతికి మాత్రము 1978 నాటి స్వల్ప వేతనము తరువాత దాదాపు ఏమియు దక్కుట లేదు. తలకు 208 రూపాయలతో ఒక మనిషికి చదువను, వ్రాయను, లెక్క కట్టను నేర్పుట సాధ్యమని ఎవరును తలంపలేదు. ఆ లెక్క నిలుచుట ఊరిలోని ఎవరో ఒకరు ప్రతి సాయంకాలము ఒక గంట ఉచితముగా ఇత్తురను నమ్మకము మీదనే. అనగా ఈ కార్యక్రమమున పెద్ద చందాదారు ఢిల్లీయు కాదు, రాజధానియు కాదు. మీ ఊరి పదవ తరగతి చదివిన యువతియే. ఆమె ఇచ్చు గంట ఏ లెక్కల పుస్తకమునకును ఎక్కదు. ఆమె మానివేసిన నాడు మిగిలిన ఖర్చంతయు వ్యర్థమగును.

ఆ గంట విలువ ఎంతయో నెల్లూరు జిల్లా చూపినది. 1990 తరువాత అచ్చట జరిగిన అక్షరాస్యతా ఉద్యమములో స్త్రీలు సాయంకాలము ఒకచోట కూడి చదువుట మొదలిడిరి. చదువుతో పాటు తమ కష్టములను గూర్చి మాటలాడుకొనిరి. దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా దుకాణమును మూయించిన వృత్తాంతము అభ్యాసకుల పుస్తకములో పాఠముగా వచ్చినది. దానిని చదివిన ఇతర గ్రామముల స్త్రీలును తమ ఊరిలో అట్లే చేయ బూనిరి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. చదువ నేర్చినవారు తమ ఊరి విషయము అచ్చులో చదువగలిగిన నాడు ఆ చదువు నిలిచినది.

ఆగిపోయిన నాడు ఏమైనది?

సాక్షర భారత్ 2018 మార్చి 31తో ముగిసినది. ప్రేరకుల గౌరవ వేతనము ఆగినది. అధ్యక్షత వహించిన సర్పంచు అచ్చటనే ఉండెను. గది ఉండెను, పుస్తకముల పెట్టె ఉండెను, పరీక్ష ముగించి ధ్రువపత్రము పొందిన స్త్రీలును ఉండిరి. కాని సాయంకాలము తలుపు తీయువారు లేకపోయిన చోట కేంద్రము ముగిసినది. పేరు వ్రాయ నేర్చినవారు పేరు వ్రాయుట వద్దనే నిలిచిపోయిరి.

ఇందు ఎవరిని నిందించుటకు లేదు. పైనుండి వచ్చు పథకమునకు ఆదియు, అంతమును ఉండును. అయిదేండ్లకు ఒక పేరు పోయి మరియొక పేరు వచ్చును. నడుమ ఏర్పడు వెలితిని దాటించునది స్థిరముగా నడచు చిన్న సొమ్ము, స్థిరముగా నిలుచు చిన్న ఏర్పాటు. అవి పంచాయతీ చేతిలోనే కలవు.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది, పట్టిక. ఊరిలో 15 ఏండ్లు దాటి చదువురాని వారెవరో వార్డు వారీగా ఒక పుస్తకమున వ్రాసి ఉంచుకొనవలెను. పథకము మారినను పట్టిక మారదు. పాఠశాల వారి నమోదుతో దీనిని సరిచూచుకొన్న యెడల రెండుసార్లు చేరిన పేర్లు, విడిచిన పేర్లు బయటపడును. చదువురాని వార్డు సభ్యుల పేర్లు కూడ అందు చేరవలెను. అందు సిగ్గుపడవలసినది లేదు.

రెండవది, వేళ. నాట్ల కాలమునను, కోతల కాలమునను చదువు సాగదు. ఆ దినములను ముందుగనే తీసివేసి, తక్కిన నెలలలో ఏ సమయము అనుకూలమో స్త్రీలనే అడిగి నిర్ణయింపవలెను. పరీక్ష తేదీని బట్టి బడి పెట్టుట తలక్రిందుల పని.

మూడవది, గ్రంథాలయ సెస్సు. 1960 నాటి ప్రజా గ్రంథాలయముల చట్టము క్రింద ఇంటి పన్ను రూపాయికి 8 పైసల వంతున ఈ సెస్సు వసూలగుచున్నది. ఊరి ఇంటి పన్ను 5 లక్షలైనచో సెస్సు 40 వేలు. ఇది పంచాయతీ సొమ్ము కాదు. వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు చెల్లింపవలసిన సొమ్ము. దానిని బకాయి పెట్టిన పంచాయతీ మా ఊరికి గ్రంథాలయము కావలెనని గట్టిగా అడుగజాలదు. చెల్లించిన పంచాయతీ రసీదు చూపి, పుస్తకముల నిక్షేప కేంద్రమునైన, వార్తాపత్రికలనైన కోరవచ్చును. ఈ సంవత్సరము ఎంత వసూలైనది, ఎంత చెల్లింపబడినది అను ప్రశ్నను ప్రతి సభ్యుడును తదుపరి సమావేశముననే వేయదగును.

నాల్గవది, కేంద్ర ఆర్థిక సంఘము గ్రాంటు. 15వ ఆర్థిక సంఘము 2021-22 నుండి 2025-26 వరకు గ్రామీణ సంస్థలకు ఇచ్చిన గ్రాంటులో నూటికి 60 త్రాగునీటికి, పారిశుద్ధ్యమునకు కట్టుబడినది. తక్కిన 40ని పదునొకండవ షెడ్యూలులోని అంశములపై స్థానికావసరములకు ఖర్చు చేయవచ్చును. అయితే జీతములకు, కార్యాలయ వ్యయమునకు వాడరాదు. ప్రతి క్రొత్త గ్రాంటు వచ్చినప్పుడును సభ్యులు రెండు ప్రశ్నలు అడుగవలెను: కట్టుబాటు లేని భాగమెంత? దానితో ఏమి చేయరాదు? పిదప గదికి దీపము, నల్లబల్ల, చాపలు, పెద్ద అక్షరముల పుస్తకములు వంటివి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ముందుగనే చేర్పింపవలెను. ప్రణాళికలో లేని పనికి సంవత్సరాంతమున సొమ్ము దొరకదు.

అయిదవది, చదువుటకు ఊరి కాగితములు. పంచాయతీ జమాఖర్చుల పట్టిక, ఉపాధి పనుల జాబితా, రేషను వివరములు గోడమీద పెద్ద అక్షరములలో వ్రాయించుడు. క్రొత్తగా చదువ నేర్చినవారిచేత గ్రామసభలో వానిని చదివింపుడు. దీనికి గ్రాంటు అక్కరలేదు. తన కూలి దినములెన్ని పడినవో తానే చదువుకొన్న స్త్రీ మరల అక్షరము మరువదు.

ఆరవది, బోధించు వారికి గౌరవము. వేతనమిచ్చుటకు మనకు అధికారము లేకున్నను, వారి పేర్లు గ్రామసభలో చదివి కృతజ్ఞత తెలుపుటకు, ఒకరు మానిన వెంటనే మరియొకరిని చూచుటకు అడ్డు లేదు. ఈ పనికి ఒక సభ్యురాలిని బాధ్యురాలిగా తీర్మానించుట మేలు.

ముగింపు

పైనుండి వచ్చు ధనము బడిని తెరచును. దానిని తెరచి ఉంచునది గ్రామము. రాబోవు సమావేశమున తీర్మానముల పుస్తకము తిరుగునపుడు కార్యదర్శిని ప్రతి తీర్మానమును బిగ్గరగా చదువుమని కోరుడు. అది చదువురాని సభ్యునకు నేటి రక్షణ. ఏడాది తిరుగుసరికి ఆ పుస్తకమును ఆ సభ్యుడే, ఆ సభ్యురాలే చదువునట్లు చేయుట పంచాయతీ ముందున్న పని. ఆ ఒక్కరితో మొదలిడిన యెడల పట్టికలో మొదటి పేరు కొట్టివేయబడును. రెండవ పేరునకు దారి తెలియును.