హమాలీ ఇంటి భోజనం - పప్పుధాన్యాల ధరల లెక్క

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బజార్లలో బియ్యం వ్యాపారం నడక 2025 వేసవి నుంచి మారింది. ఆ ఏడాది మార్చి 30న, ఉగాది నాడు, ముఖ్యమంత్రి ఎ. రేవంత్ రెడ్డి హుజూర్‌నగర్‌లో రేషను సన్నబియ్యం పథకాన్ని ప్రారంభించారు. కార్డులో పేరున్న ప్రతి మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితం. నలుగురున్న ఇంటికి 24 కిలోలు. అంతకు ముందు రేషనులో దొడ్డు బియ్యం వచ్చేవి. చాలామంది అవి తినక చౌకగా వదిలించుకొని, చిల్లర కొట్లో సన్నబియ్యం కొనుక్కునేవారు. ఇప్పుడు ఆ ఖర్చు తప్పింది. 24 కిలోలను మీ కొట్టు ధరతో గుణిస్తే ఒక్కో ఇంటికి నెలకు ఎంత సొమ్ము చేతిలో మిగిలిందో వ్యాపారస్థులకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ మిగిలిన రూపాయి ఎటు పోతున్నదన్నదే ఈ వారం చర్చ. అది పప్పు, గుడ్డు, వేరుశనగల మీదికి పోతే ఇంటికి బలం, కిరాణా వర్తకునికి గిరాకీ. రంగు పొట్లాల చిరుతిళ్ల మీదికి పోతే ఇద్దరికీ నష్టమే. తెలంగాణలో అయిదేళ్ల లోపు పిల్లలలో నూటికి 70 మందికి, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత వున్నట్టు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. పిల్లలలో మూడోవంతు మంది వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదు. ఎడమ కాలువ కింద వడ్లు పండించి, మిర్యాలగూడ మిల్లుల్లో ఆడించి దేశమంతటికీ పంపే రాష్ట్రం లెక్క ఇది. మన యార్డులో బస్తాలు మోసే వారి పిల్లలు, మిల్లులో నూకలు చెరిగే స్త్రీలు ఈ లెక్కకు బయట వున్నారని అనుకోవడానికి లేదు.

బియ్యం చవక కావడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1967లో సాగరు నీళ్లు వదిలాక మెట్ట పొలాలు మాగాణులైనాయి. జొన్న గటక తిన్న ఇళ్లలో అన్నం వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ రెండు మార్పులతో ఆకలి తగ్గిన మాట నిజం. కాని కంచంలో అన్నం పెరిగినంతగా పప్పు పెరగలేదు. బియ్యంలో మాంసకృత్తులు నూటికి 7, 8 పాళ్లే. వాటిలోనూ లైసిన్ అనే పదార్థం తక్కువ. పప్పుధాన్యాలలో అది సమృద్ధిగా వుంటుంది. పప్పులో కొరతగా వుండే మెథియోనిన్‌ను బియ్యం భర్తీ చేస్తుంది. రెండూ కలిపి తిన్నప్పుడే తిన్నదానికి పూర్తి ఫలితం.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన సూచనల ప్రకారం, రోజుకు 2,000 కాలరీలు అవసరమైన మనిషికి ధాన్యం 250 గ్రాములు, పప్పులు - గుడ్లు, మాంసంతో కలిపి - 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, వేరుశనగ వంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు వుండాలి. అంటే ధాన్యం మూడు పాళ్లయితే పప్పు ఒక పాలు. అయితే బస్తాలు మోసే హమాలీకి 2,000 కాలరీలు ఎటూ చాలవు. కాయకష్టం చేసే మగవానికి 3,470 కాలరీలు కావాలని 2020లో భారత వైద్య పరిశోధన మండలి లెక్క కట్టింది. అతనికి ధాన్యం ఎక్కువ పడుతుంది కనుక, నలుగురున్న అలాంటి ఇంటికి నెలకు 35 కిలోల ధాన్యం వేసుకోవాలి. రేషను 24 కిలోలు పోను ఇంకా 11 కిలోలు కొనాలి. అక్కడ మళ్లీ బియ్యమే కొనకుండా జొన్నలు, రాగులు కొంటే మంచిది.

ఇక అసలు లెక్క. కొట్లో పప్పు ధర కిలోకు అడుగుతాము. ఇల్లు గడవాల్సిన మనిషి 100 గ్రాముల మాంసకృత్తులు ఎంతకు పడుతున్నాయో కూడా చూసుకోవాలి. బజారు ధరలు రోజుకో తీరు కనుక, అందరికీ తెలిసిన కేంద్రం మద్దతు ధరలనే ఆధారంగా తీసుకుందాము. 2025-26 పంటకు కందుల మద్దతు ధర క్వింటాలు 8,000 రూపాయలు. కిలో 80. కాని కందులు అలాగే వండుకోము. మిల్లులో పొట్టు, చూరి పోను నూటికి 72 వంతుల పప్పు దిగుతుందనుకుంటే, ఆడించిన కూలి వేయకుండానే పప్పు కిలో 111 రూపాయలవుతుంది. కందిపప్పులో మాంసకృత్తులు నూటికి 22 పాళ్లు. 100 గ్రాముల మాంసకృత్తులకు 50 రూపాయలు పడినట్టు.

పెసలు చూడండి. మద్దతు ధర 8,768. కందుల కంటే ప్రియమే. అయినా పెసలను మిల్లుకు పంపనక్కరలేదు. నానబెట్టి పెసరట్టు పోయవచ్చు, మొలకెత్తించవచ్చు, గుగ్గిళ్లు చేయవచ్చు. మరపట్టే తరుగు లేదు కనుక 100 గ్రాముల మాంసకృత్తులు 38 రూపాయలకే వస్తాయి. శనగల లెక్క ఇంకా చవక. 2025-26 రబీ అమ్మకాల కాలానికి శనగల మద్దతు ధర 5,650. పొట్టుతో తింటే 30 రూపాయలు చాలు. వేరుశనగ కాయ 7,263. నూటికి 70 వంతుల పప్పు దిగితే పప్పు కిలో 104 రూపాయలు, 100 గ్రాముల మాంసకృత్తులు 43 రూపాయలు. వాటితోపాటు దాదాపు 200 గ్రాముల నూనె కూడా కడుపులోకి పోతుంది కనుక వేరుశనగను ఖరీదైన సరుకని అనలేము. అన్నింటికంటే చవక సోయా - క్వింటాలు 5,328, మాంసకృత్తుల లెక్కన 15 రూపాయలే. కాని సోయా గింజను మన ఇళ్లలో ఎవరూ వండరు. మీల్‌మేకర్ రూపంలో వారానికి ఒకసారి కూరలో పడితే అదే ఎక్కువ.

గుడ్డు సంగతి మరీ సులువు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు. మార్కెట్టు పుటలో వచ్చే గుడ్డు ధరను పదహారుతో గుణిస్తే 100 గ్రాముల ధర తేలుతుంది. అది పప్పుల కంటే ఎక్కువే రావచ్చు. అయినా గుడ్డులోని మాంసకృత్తులు శ్రేష్ఠమైనవి. పప్పులో దొరకని బి12 విటమిను అందులో వుంటుంది. పెద్దలు వదులుకున్నా ఎదిగే పిల్లలకు మాన్పరాదు.

మద్దతు ధర వేరు, కొట్టు ధర వేరు అని ఎవరైనా అనవచ్చు. నిజమే. రవాణా, తరుగు, లాభం కలిస్తే అంకెలు పెరుగుతాయి. కాని సరుకుల మధ్య వున్న తేడా చాలామటుకు అలాగే వుంటుంది. ఒక నెల సరుకు చీటీతో చూద్దాము. ఇంట్లో నెలకు 5 కిలోల కందిపప్పు వాడితే పై ధరల ప్రకారం 555 రూపాయలు. దాని బదులు కందిపప్పు రెండున్నర కిలోలు, పెసలు 2 కిలోలు, శనగలు 2 కిలోలు కొంటే 566 రూపాయలు. పదకొండు రూపాయల తేడాతో కిలోన్నర సరుకు అదనం. మాంసకృత్తులు 1,100 గ్రాముల నుంచి 1,390 గ్రాములకు, అంటే నాలుగోవంతు పైగా పెరుగుతాయి. కందులు బర్మా నుంచి, మొజాంబిక్ వంటి ఆఫ్రికా దేశాల నుంచి దిగుమతి అయితేగాని దేశానికి చాలవు. అక్కడ ఓడ ఆలస్యమైతే ఇక్కడ పప్పు చారు పలచబడుతుంది. మూడు రకాలు వాడే ఇంటికి ఆ దెబ్బ తక్కువ.

ఈ సరుకుతో వంట ఎలా సాగుతుందంటే, పొద్దున జొన్న రొట్టెలోకి పల్లీల పొడో ఆకుకూర పప్పో వుంటుంది, లేకుంటే పెసరట్టు. మధ్యాహ్నం అన్నంలోకి తోటకూర పప్పు గాని గోంగూర పప్పు గాని. సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లలకు శనగ గుగ్గిళ్లు. బజ్జీల బండి దగ్గర ఇచ్చే సొమ్ముతో పోలిస్తే ఇది సగం కూడా కాదు. రాత్రి అన్నం, పచ్చిపులుసు లేదా కూర, చివర మజ్జిగ. కూరలు గంప దిగిన పూట గాక సంత ముగిసే వేళ కొనేవారికి ఆకుకూర కట్టలు చవకగా దొరుకుతాయి. మునగాకు చాలా పెరళ్లలో ఉచితమే. గోంగూర, తోటకూరల మీద నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం మీద వెంటనే టీ తాగితే ఆ ఇనుము వృథా అవుతుంది. యార్డులో అన్నం తిన్న వెంటనే టీ చెప్పడం మర్యాదగా సాగుతున్నది. ఆ టీ ఒక గంట ఆగి తెప్పిస్తే మర్యాదకు లోటు రాదు.

రాగుల గురించి విడిగా చెప్పాలి. నూరు గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం వుంటుంది. అదే తూకం బియ్యంలో పది కూడా వుండదు. 2016 అక్టోబరు దాకా మన మూడు పట్టణాలు నల్లగొండ జిల్లాలోనివే. ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగిన ఆ జిల్లా కథ అందరికీ తెలుసు. మర్రిగూడ, మునుగోడు వైపు జరిగిన నష్టం మాట చెప్పలేము. కాల్షియం, సి విటమిను లోపించిన ఒంటిలో ఫ్లోరైడు మరింత కీడు చేస్తుంది. రోజూ చింతపండు తీసుకున్న బడి పిల్లలలో ఫ్లోరైడు మూత్రంలో ఎక్కువగా బయటికి పోయినట్టు పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 2002లో ప్రచురించారు. అంటే పచ్చిపులుసును పేదవాడి పులుసని తీసిపారేయనక్కరలేదు. మంచినీరు మారడం ముఖ్యం, తిండి దానికి తోడు.

చిరుధాన్యాల పేరు చెప్పి అన్నం పూర్తిగా మానేయమనే ప్రచారం కూడా ఈమధ్య వినవస్తున్నది. అది సరికాదు. ఒకప్పుడు ఒక్క జొన్ననే నమ్ముకొన్న దక్కన్ పేదలలో పెల్లాగ్రా అనే చర్మవ్యాధి కనిపించేది. జొన్నలో ల్యూసిన్ అనే పదార్థం ఎక్కువ కావడానికి దీనితో సంబంధమున్నదని డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. జొన్నతో పప్పు, పాలు, ఆకుకూర తింటే ఆ భయం లేదు. ఏదైనా ఒక్క సరుకు మీదే పందెం వేస్తే ఏమవుతుందో బేరగాళ్లకు తెలియనిది కాదు.

అదే సంస్థ బలహీనమైన పిల్లల కోసం తయారు చేసిన పిండిని హైదరాబాదు మిక్స్ అంటారు. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగలు 16, వేరుశనగలు 10, బెల్లం 20 కలిపి విసురుతారు. ఆ 86 గ్రాములలో 330 కాలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. ఇందులో కిరాణా కొట్లో దొరకని వస్తువు ఒక్కటీ లేదు. కోదాడలోనో సూర్యాపేటలోనో ఒక వర్తకుడు ఈ పాళ్లలో సరుకు తూచి కిలో, అరకిలో పొట్లాలు కట్టి పెడితే కొనేవారు తప్పక వుంటారని మా అభిప్రాయం. పిండి మర మీద మొదట తక్కువ పట్టించాలి. ఎక్కువ రోజులు నిలవుంటే వేరుశనగ కమురు వాసన వస్తుంది.

మిల్లర్లకు తెలిసినా ఇంటి ఆడవారికి తెలియని మాటలు రెండు. నూకలో వున్నది నిండు గింజలో వున్నదే. ఉప్మాకు, జావకు, దోసె పిండికి నూక కొంటే ధరలో కలిసివస్తుంది. రెండోది ఉప్పుడు బియ్యం. వడ్లు ఉడకబెట్టేటప్పుడు తవుడులోని బి1 విటమిను గింజలోకి ఇంకుతుంది కనుక, పాలిష్ పట్టినా చాలా భాగం నిలుస్తుంది. మిర్యాలగూడలో తయారైన ఆ బలం కేరళ, తమిళనాడు తిని పోతున్నది. 2021, 2022లలో కేంద్రం యాసంగి ఉప్పుడు బియ్యం తీసుకోబోమన్నప్పుడు ఎంత గొడవ జరిగిందో చూశాము. అప్పుడు కూడా మన ఇళ్లలో వండుకుందామని ఎవరూ అనలేదు. రుచి అలవాటు పడలేదు, అంతే. పచ్చిబియ్యం తినేవారు అయిదారు నీళ్లు కడిగి, గంజి వార్చి పారబోయకుండా అత్తెసరు పెట్టుకుంటే వున్న విటమిను దక్కుతుంది.

నూనె విషయం. తలకు 27 గ్రాముల లెక్కన నలుగురికి నెలకు మూడు కిలోల పైచిలుకు చాలు. 2024 సెప్టెంబరులో ముడి నూనెలపై కేంద్రం మూల దిగుమతి సుంకాన్ని 20 శాతానికి పెంచింది, 2025 మే నెలాఖరున 10 శాతానికి తగ్గించింది. మధ్యలో డబ్బా ధర ఎలా ఆడిందో కొట్లలో అందరూ చూశారు. నెలకు అయిదు కిలోలు వాడే ఇల్లు కిలో తగ్గించుకుంటే ఆ సొమ్ముతో పిల్లలకు వారానికి నాలుగైదు గుడ్లు వస్తాయి.

కొనే సమయం కూడా లెక్కలోదే. తొలకరికి వేసిన పెసలు రెండు నెలల్లో చేతికొచ్చి ఆగస్టు, సెప్టెంబరులలో సూర్యాపేట యార్డుకు దిగుతాయి. వాన తడిసిన సరుకు చౌకగా పోతుంది కాని నిలవకు పనికిరాదు. ఎండిన సరుకు చూసి మూడు నెలలకు సరిపడా తీసుకొని, రెండు ఎండలు పెట్టి, వేపాకు వేసి డబ్బాలో మూత బిగిస్తే పురుగు పట్టదు. కందులు సంక్రాంతి ముందూ వెనుకా వస్తాయి. పప్పుకు కొద్దిగా ఆముదం పట్టించి దాచుకోవడం మన ఇళ్లలో పాత పద్ధతే. రోజుకూలీకి ఒకేసారి మూడు నెలల సరుకు కొనే సొమ్ము చేతిలో వుండదు. అతను పావుకిలో చొప్పున కొంటాడు, ఆ పావుకిలోకు ఎక్కువ ధర ఇస్తాడు. యార్డులో కొందరు అడితిదారులు తమ హమాలీలు, దడవాయిల తరఫున కొత్త పంటలో నాలుగైదు బస్తాల పెసలు టోకున తీసి, తూచి ఇచ్చి, కూలిలో వారం వారం పట్టుకుంటే అతనికి చిల్లర తేడా మిగులుతుంది, అడితికి దమ్మిడీ నష్టం వుండదు. రానున్న పెసల సీజనుకు ముందే ఆ చీటీలు రాసుకోవచ్చు.