స్తనార్బుదం: తండ్రి వైపు కూడా అడగాలి

"మా అమ్మ వైపు ఎవరికీ లేదండీ!" రొమ్ములో గడ్డ కనిపించిందని కర్లపాలెంలోని మా వైద్యశాలకు వచ్చే స్త్రీలను వంశచరిత్ర అడిగినప్పుడు తరచుగా వినవచ్చే సమాధానం ఇది. తండ్రి వైపు సంగతి అడిగితే ఆశ్చర్యంగా చూస్తారు. ఆడవారి జబ్బుకు మగవారి వంశంతో పనేమిటని వారి సందేహం.

గురుకులంలో శారీరస్థానం చెప్పేటప్పుడు మా గురువుగారు చరకసంహితలోని బీజం, బీజభాగం, బీజభాగావయవం అనే మాటల వద్ద చాలా రోజులు ఆగారు. బీజంలో ఏ అవయవానికి సంబంధించిన భాగం దుష్టి చెందితే ఆ అవయవానికి వికృతి కలుగుతుందని అక్కడ ఉంది. సుశ్రుతుడు ఆదిబలప్రవృత్త వ్యాధులను మాతృజాలు, పితృజాలు అని రెండుగా విభజించాడు. ప్రాచీనులకు జన్యువులు తెలుసునని చెప్పడం నా ఉద్దేశం కాదు. అటువంటి గొప్పలు శాస్త్రానికి మేలు చేయవు. బీజదోషం ఇరువురి నుంచీ రావచ్చునన్న మాట మాత్రం స్పష్టం.

1990లో అమెరికా శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్, స్తనార్బుదం తరతరాలుగా వస్తున్న కుటుంబాలను పరిశీలించి, అందుకు సంబంధించిన జన్యువు 17వ క్రోమోజోముపై ఉన్నదని చూపారు. అదే బి.ఆర్.సి.ఏ.1. 13వ క్రోమోజోముపై ఉన్న బి.ఆర్.సి.ఏ.2 ఆ తరువాత బయటపడింది. ఇవి రోగం పుట్టించే జన్యువులు కావు. కణంలోని డి.ఎన్.ఏ. తెగినప్పుడు దానిని సరిగా అతికించడం వీటి పని. వీటిలో లోపంతో పుట్టినవారిలో ఆ మరమ్మతు కుంటుపడి, తప్పులు పేరుకొని, అర్బుదానికి దారి ఏర్పడుతుంది.

తల్లికి గాని తండ్రికి గాని ఈ లోపం ఉంటే, ఆడైనా మగైనా ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగానికి సగం. తండ్రి తాను ఆరోగ్యంగానే ఉండి కుమార్తెకు దానిని అందించవచ్చు. అందుకే నాయనమ్మను, మేనత్తలను గురించి అడుగుతాను. అండాశయ క్యాన్సర్ కూడా ఈ లెక్కలోనిదే. "కడుపులో గడ్డతో పోయింది" అని చెప్పుకునే నాయనమ్మ కథలో అది దాగి ఉండవచ్చు. మేనరికం వల్లనే ఇది వస్తుందన్న అపోహ కొందరిలో ఉన్నది. తల్లిదండ్రులలో ఒక్కరి నుంచి వచ్చినా చాలు గనుక, మేనరికం లేని ఇళ్లలోనూ వస్తుంది.

అనవసరపు భయం వద్దు. స్తనార్బుదం వచ్చిన నూరుమందిలో అయిదు నుంచి పదిమందికి మాత్రమే అది వంశపారంపర్యం. అయితే ఆ లోపమున్న స్త్రీలలో 80 ఏళ్ల వయసుకు నూటికి దాదాపు 70 మందికి వ్యాధి వస్తున్నదని 2017లో వెలువడిన పరిశోధన తెలిపింది.

మా ప్రాంతంలో అసలు చిక్కు దాచుకోవడం. ఒకావిడ తన ఆపరేషన్ సంగతి తోడబుట్టిన తమ్ముడికి కూడా చెప్పలేదు, కూతురి సంబంధం చెడుతుందని. నాలుగేళ్ల తరువాత ఆ తమ్ముడి కూతురు, ముప్ఫయ్యారేళ్ల ఇల్లాలు, గడ్డతో నా వద్దకు వచ్చింది. ఆ వారంలోనే శస్త్రవైద్యుని వద్దకు పంపాను. పరీక్షలో బి.ఆర్.సి.ఏ.2 లోపం బయటపడింది. ఎవరి కోసం దాచారో ఆ మేనత్త కూతురికి పరీక్ష చేయిస్తే ఆమెకు లోపమే లేదు!

హైదరాబాదులో డాక్టర్ పి. రఘురాం, స్వయంగా వైద్యురాలైన తన తల్లికి ఈ వ్యాధి వచ్చిన సంగతి దాచలేదు. ఆమె పేరుతోనే 2007లో ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ స్థాపించారు.

జన్యుపరీక్ష వీలైనంతవరకు మొదట వ్యాధి వచ్చినవారికే చేయాలి. లోపం తెలిస్తే చికిత్స కూడా మారవచ్చు. కణానికి మిగిలిన మరో మరమ్మతు మార్గాన్ని మూసివేసి క్యాన్సర్ కణాన్ని చంపే ఒలాపరిబ్ అనే మందుకు, ఈ లోపమున్న కొందరు స్తనార్బుద రోగుల కోసం 2018లో అమెరికాలో అనుమతి లభించింది. లోపమున్నా వ్యాధి రానివారికి పాతికేళ్ల నుంచి ఏటా ఎం.ఆర్.ఐ., ముప్ఫై నుంచి మామోగ్రామ్ కూడా సూచిస్తారు. ముందుజాగ్రత్తగా రొమ్ములను, సంతానం కలిగాక అండాశయాలను తీయించుకునేవారూ ఉన్నారు. అది తొందరపడి తేల్చే విషయం కాదు.

ఇక గృహవైద్యం మాట. పసుపు గాని, అశ్వగంధ గాని ఈ లోపాన్ని సరిచేయవు. గడ్డకు పట్టు వేసి నెలలు గడపడం ప్రాణాంతకం. కీమోథెరపీ వేళ అన్నం సహించనప్పుడు పాతబియ్యపు జావ, పలుచని పెసరకట్టు కొద్దికొద్దిగా ఇవ్వండి. భస్మాలు, కషాయాలు మాత్రం, మా వంటి వైద్యులు ఇచ్చినవైనా సరే, క్యాన్సర్ వైద్యునికి చెప్పకుండా వాడవద్దు.