తిరగలి మనవడు

సంక్రాంతికి హైదరాబాదు నుంచి ద్రాక్షారామం వచ్చిన కుర్రాడొకడు కారు డిక్కీలో ఎస్ప్రెస్సో మెషీను కూడా తెచ్చుకున్నాడనుకోండి. భీమేశ్వరుడి గుడిగంట వినబడేంత దూరంలో పెంకుటిల్లు. వంటింటి గట్టు మీద తళతళలాడుతూ ఇటలీ యంత్రం. గింజలు తెచ్చాడు గానీ వాటిని పొడి చేసే సాధనం తేలేదు. "దానికేం భాగ్యంరా, మిక్సీ ఉంది కదా!" అంటుంది మామ్మ. మిక్సీ గిర్రున తిరుగుతుంది, పొడి తయారవుతుంది. తీరా మెషీను మీట నొక్కితే పది సెకన్లలో కప్పు నిండా పల్చటి గోధుమరంగు నీళ్ళు. నోట్లో పోసుకుంటే పులుపూ చేదూ ఒక్కసారే తగులుతాయి. పొడి ఇంకాస్త మెత్తగా ఉండాలేమోనని మళ్ళీ మిక్సీ వేస్తాడు. ఈసారి చుక్క దిగదు. మెషీను మూలుగుతుంది.

యంత్రంలో లోపం లేదు, గింజల్లోనూ లేదు. అసలు సంగతి పెరట్లో బాదంచెట్టు కింద మూలకి తోసేసిన మామ్మగారి తిరగలికి తెలుసు.

ఇత్తడి ఫిల్టరులో నీళ్ళు తమ బరువుతో తాము దిగుతాయి. పావుగంట పట్టినా అడిగేవాళ్ళుండరు. పొడి కాస్త అటూ ఇటూ అయినా డికాక్షన్ సర్దుకుపోతుంది. ఎస్ప్రెస్సోకి అంత ఓపిక లేదు. 18 గ్రాముల పొడిని చిన్న గిన్నెలో అదిమిపెట్టి, 90 డిగ్రీలు దాటిన వేడినీళ్ళని 9 బార్ల ఒత్తిడితో అందులోంచి తోస్తుంది. 9 బార్లంటే 90 మీటర్ల లోతు నీటి అడుగున ఉండే ఒత్తిడి. ఎదిగిన కోనసీమ కొబ్బరిచెట్లు నాలుగింటిని ఒకదాని నెత్తిన ఒకటి నిలబెట్టి, అంత ఎత్తున నీళ్ళు నింపితే అడుగున ఎంత బరువు పడుతుందో, అంత. 25 నుంచి 30 సెకన్లలో 36 గ్రాముల చిక్కటి కాఫీ దిగాలి. ఇది ఇళ్ళలో సాధన చేసేవాళ్ళు మొదలుపెట్టే లెక్క.

ఇంత ఒత్తిడిలో నీళ్ళు సులువైన దారి వెతుక్కుంటాయి. కాలవగట్టుకి ఎక్కడ ఎలకబొరియ ఉంటే అక్కడే గండి పడుతుందని డెల్టా రైతుకి ఒకరు చెప్పాలా? కాఫీపొడి దిమ్మలోనూ అంతే. ఒకచోట బరకగా, ఒకచోట నుసిగా ఉంటే నీళ్ళు బరకలోంచి దూసుకుపోతాయి. అక్కడి రేణువుల్లో సారం సగం మిగిలిపోయి పులుపు వస్తుంది. నుసిలోంచి మాత్రం రావాల్సినదానికన్నా ఎక్కువ సారం లాక్కుని చేదు వస్తుంది. పైగా రేణువు సైజు సగమైతే నీటి వేగం సగంతో ఆగదు, దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఎస్ప్రెస్సో పొడిలో ముఖ్యమైన రేణువులు 200 నుంచి 400 మైక్రాన్లుంటాయి. అంటే ఒక వెంట్రుక మందం తేడా చాలు, కాఫీ తలకిందులైపోవడానికి.

మిక్సీకి ఆ నాజూకు పని చేతకాదు. అది గింజని నలపదు, నరుకుతుంది. నిమిషానికి వేల చుట్లు తిరిగే బ్లేడుకి తగిలింది తగిలినట్టు ముక్కలవుతుంది. తగలనిది తప్పించుకుంటుంది. ఎంతసేపు తిప్పినా సైజుని అదుపు చేసేదేదీ లోపల ఉండదు. 1960ల్లో ఎస్.పి. మాథుర్ సుమీత్ మిక్సీని తెచ్చింది మన పప్పులకీ పచ్చళ్ళకీ. ఆ పనిలో దానికి తిరుగులేదు. కొబ్బరిపచ్చడిలో నాలుగు పలుకులు పంటికి తగిలితే ఇంకా బాగుంటుంది కూడా.

తిరగలి పద్ధతి వేరు. కన్నులో పోసిన గింజ రెండు రాళ్ళ మధ్య, నడుమ నుంచి అంచుకి ప్రయాణం చేస్తుంది. దారి పొడుగునా సందు ఇరుకవుతూ ఉంటుంది. చివరి సందు కన్నా పెద్దదేదీ బయటపడలేదు. మినుములు బద్దలవ్వాలన్నా, బియ్యం రవ్వ కావాలన్నా విసిరే మనిషి చేతిలోనే ఉంటుంది కిటుకు. గుప్పెట్లతో పోస్తే బరక, కాస్త కాస్తగా పోస్తే మెత్తన. రాయి నునుపెక్కితే వీధిలోకొచ్చే మనిషిని పిలిచి కక్కు కొట్టించేవారు. ఇప్పుడు వేలకి వేలు పోసి కొనే బర్ గ్రైండరు చేసేదీ ఇదే. రాళ్ళ స్థానంలో పళ్ళున్న రెండు ఉక్కు చక్రాలు, వాటి పేరే బర్‌లు. ఒకటి కదలదు, ఒకటి తిరుగుతుంది. మధ్య సందుని మాత్రం చేతివాటం బదులు మరచుట్లు శాసిస్తాయి.

రాయి ఉక్కుగా మారిన కథలో చిత్రమైన మనుషులున్నారు. తుర్కులు స్తంభంలాంటి ఇత్తడి మరలు చేతబట్టుకుని కాఫీ విసురుకునేవారు. 1798లో అమెరికాలో కాఫీ మరకి పేటెంటు తీసుకున్న థామస్ బ్రఫ్ వృత్తిరీత్యా దంతవైద్యుడు. గింజలు నమిలే పళ్ళ సంగతి ఆయనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? గోడకి బిగించే మర అది. 1840లో ఫ్రాన్సులో ప్యూజో కుటుంబం కాఫీ మరల వ్యాపారంలోకి దిగింది. అప్పటికి వాళ్ళ పని రంపాలూ ఉక్కు సామానూ. మిరియాల మర 1874లో వచ్చింది, కారు ఆ తర్వాత. ఇవాళ రోడ్డు మీద ప్యూజో కారు చూసేవాళ్ళకి దాని అన్నగారు కాఫీ మర అని తట్టదు. పందొమ్మిదో శతాబ్దం ముగుస్తుండగా అమెరికాలోని ట్రాయ్ అనే ఊళ్ళో హోబార్ట్ కంపెనీ కొట్లలోని కాఫీ మరకి కరెంటు మోటారు తగిలించింది. తర్వాత కిచెన్‌ఎయిడ్ మిక్సరు తెచ్చింది కూడా ఆ కంపెనీయే.

ఎస్ప్రెస్సో ఇంకో దారిలో నడిచి వచ్చింది. 1884లో ట్యూరిన్‌లో ఆంజెలో మొరియోండో, 1901లో మిలాన్‌లో లుయిజీ బెజ్జెరా ఆవిరి యంత్రాలకి పేటెంట్లు పొందారు. అయితే ఆవిరి ఒత్తిడి బారున్నర దాటేది కాదు. అకీలే గాజ్జియా రెండో ప్రపంచయుద్ధం ముగిశాక స్ప్రింగు మీట పెట్టి ఒత్తిడిని అమాంతం పెంచాడు. కప్పు మీద బంగారురంగు నురగ తేలింది అప్పుడే. 1961లో ఫాయెమా ఇ61 కరెంటు పంపుతో 9 బార్లు స్థిరపడ్డాయి. ఒత్తిడి పెరిగిన కొద్దీ పొడి మీద పట్టింపు పెరిగింది, పొడి చేసే మర విలువా పెరిగింది. లుయిజీ మాజ్జెర్ 1948లో వెనిస్ దగ్గర పెట్టిన కంపెనీ గ్రైండర్ల మీదే బతికింది, పెద్దదైంది. ఈ వరసలో అందరికన్నా ముచ్చటైనది మాల్‌కోనిగ్ ఈకే43. మసాలాలూ కాఫీగింజలూ టోకుగా పొడి కొట్టడానికి కొట్లలో వాడే భారీ జర్మన్ మర. 2013 ప్రపంచ బరిస్టా పోటీలో మాట్ పెర్గర్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు దాంతో ఎస్ప్రెస్సో తీసి చూపించేసరికి, ఆ మర కొట్టు మూల నుంచి కాఫీ బారు నడిమధ్యకి వచ్చి కూచుంది.

ఇక్కడొక పిట్టకథ. రామచంద్రపురం, మండపేట దారుల్లో రైసుమిల్లులు చూస్తూ పెరిగినవాళ్ళకి హల్లరు మిల్లు కొత్త కాదు. గాడులున్న ఇనుప రోలరు ఇనుప గొట్టంలో తిరుగుతుంటే ధాన్యం ఒరుసుకుని పొట్టు ఊడిపోతుంది. ఆసియా అంతటా పల్లెల్లో దంపుడుకి సెలవిచ్చిన ఆ యంత్రం పుట్టింది బ్రెజిల్లో. 1885లో ఎవరిస్తో కొన్రాడో ఎంగెల్‌బర్గ్ దానికి పేటెంటు తీసుకున్నాడు. అది ధాన్యం కోసమే కాదు, కాఫీగింజ పొట్టు తీయడానికి కూడా. కాఫీ కోసం కూడా పుట్టిన యంత్రం బియ్యం మిల్లుగా గోదావరి గట్టుకి చేరింది. మన తిరగలి లెక్క ఉక్కుబట్ట కట్టుకుని కాఫీ కోసం తిరిగొస్తోంది.

ఇక గింజలు. కాఫీ అంటే చిక్కమగళూరనో కూర్గనో అనుకుంటాం గానీ, మన రాష్ట్రంలో కాఫీ మొక్క తొలిసారి దిగింది పాత తూర్పుగోదావరి జిల్లాలోనే. 1898లో బ్రోడీ అనే ఆంగ్లేయ అధికారి పాములేరు లోయలో నాటించాడు. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు వెళ్ళేవాళ్ళు ఆగి ఫొటోలు తీసుకునే పాములేరే అది. అక్కణ్ణుంచి 1920ల్లో అరకు, పాడేరు, చింతపల్లి కొండలకి పాకింది. 1960ల్లో మాచ్‌ఖండ్ పరీవాహకంలో మట్టి కొట్టుకుపోకుండా అటవీశాఖ తోటలు వేసింది. తర్వాత పాడేరులోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ గిరిజన రైతుల చేత వేయించింది. సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల మధ్య పెరిగిన ఆ అరబికా రకం కాఫీ 2017లో పారిస్‌లో సొంత కొట్టు తెరిచింది. 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. డెల్టా ఎత్తు అరబికాకి చాలదు గానీ, పైనున్న కొండ మాత్రం మన పక్కదే.

కాఫీపొడి కొట్టు ముందు నిలబడి "పీబెర్రీ సగం, ప్లాంటేషన్ సగం, చికోరీ ఇరవై" అని చెప్పే అలవాటు ఎస్ప్రెస్సో దగ్గర కొంత పనికొస్తుంది, కొంత పనికిరాదు. ప్లాంటేషన్ అంటే గుజ్జు తీసి, కడిగి ఎండబెట్టిన అరబికా. దాని పక్కన ఉండే 'ఏ' అనేది సైజు. 6.65 మిల్లీమీటర్ల రంధ్రాల జల్లెడ మీద నిలిచినవన్నమాట. పండులో రెండు బద్దలకి బదులు ఒకే గుండ్రటి గింజ ఎదిగితే పీబెర్రీ. ఇవేవీ గింజని ఎప్పుడు వేయించారో చెప్పవు. ఎస్ప్రెస్సోకి ముందు చూడాల్సింది ఆ తేదీ. వేయించిన కొత్తలో గింజ బొగ్గుపులుసు వాయువు కక్కుతూ ఉంటుంది. అప్పుడే వాడితే నురగ ఎక్కువ, రుచి తక్కువ. ఓ వారం, పది రోజులు ఆగి, నెలా నెలన్నర లోపు ముగించడం మేలు. కొన్న పొడితో మాత్రం ఎస్ప్రెస్సో జోలికి వెళ్ళకూడదు.

చికోరీ అసలే వద్దు. చట్టం ప్రకారం మిశ్రమంలో కాఫీ 51 శాతం ఉంటే చాలు. మిగతాదంతా వేరుపొడే కావచ్చు. ఫిల్టరులో అది రంగూ చిక్కదనమూ ఇస్తుంది. 9 బార్ల కింద జిగురై జల్లెడకి పట్టుకుంటుంది. పాలు కలిపిన కాఫీలో ఆ చిక్కదనం కావాలనిపిస్తే రోబస్టా ఉంది. అరబికాలో 1.2 శాతం ఉండే కెఫీన్ దీన్లో దాదాపు రెట్టింపు, నురగా నిలుస్తుంది. దేశంలో పండే కాఫీలో సుమారు 70 శాతం రోబస్టాయే. మన కాఫీని ఎక్కువగా కొనేది ఇటలీ. ఇటలీ మిశ్రమంలో మన గింజ ఉంటే అబ్బురపడక్కర్లేదు.

గింజ వేపుడు ముదిరిన కొద్దీ పెళుసవుతుంది. నల్లగా, నూనె తేలిన గింజ సులువుగా నలుగుతుంది గానీ, ఆ నూనె పళ్ళచక్రాలకి అట్టకట్టి కొన్నాళ్ళకి ముక్కవాసన వస్తుంది. లేతగా వేపింది రాయిలా ఉంటుంది, చేతిమర తిప్పేవాడి మణికట్టుని అడగాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి మధ్యరకం వేపుడు అరకు గింజలకన్నా సాధువైనది దొరకదు.

ఇంతకీ మర ఏది? మెషీనుకి ఎంత పెడుతున్నారో ఇంచుమించు అంత గ్రైండరుకీ పెట్టాలి. ఇది విన్నవాళ్ళెవరూ మొదట ఒప్పుకోరు. చేతిమరల్లో తైవాన్, చైనా కంపెనీలవి ఉక్కు చక్రాలతో బాగానే వస్తున్నాయి. 18 గ్రాములకి నిమిషం, నిమిషంన్నర పని. కరెంటు పోయినా ఆగదంటారు గానీ, మెషీను ఆగాక పొడి ఉండి లాభమేమిటో! కొనేముందు ఇరుసు ఊపి చూడాలి. లోపలి చక్రం ఏమాత్రం ఊగినా బరకా నుసీ కలిసే వస్తాయి. చవకరకం పింగాణీ చక్రాల మరల్లో ఈ జబ్బు ఎక్కువ. సందు మార్చే మెట్లు ఎంత చిన్నవో కూడా అడగాలి. ఫిల్టరుకి చాలే పెద్ద అంగలు ఎస్ప్రెస్సోకి చాలవు. అసలు మెట్లే లేకుండా జారే మరచుట్టు అన్నిటికన్నా మేలు. శంఖాకారపు చక్రాలా, చదునువా అన్న వాదన రుచి ముదిరాక పెట్టుకోవచ్చు.

అప్పడం గంటలో మెత్తబడే ఊరికి ఇంకో జాగ్రత్త ఉంది. గ్రైండరు నెత్తినుండే గిన్నెలో గింజలు నింపి వదిలేస్తే డెల్టా ఉక్కకి చెమ్మ పట్టి, పొద్దున్న కుదిరిన సందు సాయంత్రానికి కుదరదు. ఏ పూటకాపూట తూచి పోసుకోవడం నయం. ఏసీ గదిలో పొడిగాలి తగిలితే దీనికి తిరగబడ్డ తంటా. రేణువులకి విద్యుదావేశం పుట్టి మర గోడలకి అతుక్కుంటాయి, ఉండకడతాయి. 2023లో ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో కాఫీ రసాయనం చదివే క్రిస్టఫర్ హెండన్, అగ్నిపర్వతాల బూడిదలో మెరుపులు ఎలా పుడతాయో చదివే శాస్త్రవేత్తలతో కలిసి ఈ సంగతి తేల్చాడు. మరలో పోసేముందు గింజల మీద రెండు చుక్కల నీళ్ళు చిలకరిస్తే ఆవేశం తగ్గి పొడి విడివిడిగా వస్తుంది, అదే గింజ నుంచి కాఫీ చిక్కగా దిగుతుంది. తుర్కుల కాలం నుంచీ మెత్తన మెత్తన అని పరిగెత్తిన దారికి కూడా ఆయన బృందం 2020లో ఒక అడ్డుకట్ట వేసింది. మరీ మెత్తనైతే దిమ్మలో దారులు మూసుకుపోయి సారం తగ్గుతుంది, ఒక్కోసారి కాస్త బరకే మంచిదని లెక్కకట్టి చూపించింది.

కాబట్టి ద్రాక్షారామం కుర్రాడు మర తెప్పించుకున్న పూట చేయాల్సింది ఇంతే. తూకం 18 గ్రాముల దగ్గరా, కప్పులో దిగేది 36 దగ్గరా కదలకుండా ఉంచి, సెకన్లు లెక్కపెట్టుకోవాలి. 15కే దిగిపోతే సందు ఒక గీత దగ్గరికి, 40 దాటితే ఒక గీత దూరానికి. మొదటి మూడు కప్పులూ తాగలేనివే వస్తాయి, నాలుగోది మామ్మకి ఇవ్వచ్చు. ఉక్కు చక్రాలకి కక్కు కొట్టడం కుదరదు. పళ్ళు అరిగాక మార్చేయాల్సిందే. కాకపోతే అవి వందల కిలోలు నలుపుతాయి. నెలకి అరకిలో తాగే ఇంట్లో ఆ రోజు రావడానికి కొన్ని దశాబ్దాలు పడుతుంది.